చలికాలంలో పెరటి కుందేళ్లు: మందస నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర కొండ కింద పల్లె మీది. పలాసలో కొన్న తెల్ల కుందేళ్ల జంట పెరట్లో పనసచెట్టు కింద బోనులో ఉంటోంది. నాలుగు వైపులా ఇనప జాలీ, పైన రేకు. తెల్లవారి ముట్టుకుంటే చెవులు చల్లగా తగులుతున్నాయని పాప ఏడుస్తోంది. అత్తయ్యగారేమో బోనులో బల్బు వేలాడదీయమంటున్నారు, లేదంటే రాత్రికి కుంపటి పెట్టమంటున్నారు. ఆర్మీలో ఉన్న మీవారు వచ్చే ఏడాది మిమ్మల్ని హిమాచల్ క్వార్టర్స్‌కి తీసుకెళ్తానంటున్నారు. అక్కడి మంచులో ఇవి బతుకుతాయా అన్నది రెండో ప్రశ్న.

ముందు బల్బు, కుంపటి సంగతి తేల్చేద్దాం. రెండూ వద్దు. ఇప్పటికే పెట్టి ఉంటే ఈ రాత్రికే తీసేయండి. కుందేలు పళ్లు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి, అందుకే అందిందల్లా కొరుకుతుంది. బోనులోకి వైరు వచ్చిందంటే దాన్ని కొరకడం ఖాయం. వేడి బల్బుకి గడ్డిపోచ తగిలినా అంటుకుంటుంది. కుంపటి ఇంకా ప్రమాదం. బొగ్గులు సరిగ్గా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది, దానికి రంగూ లేదు, వాసనా లేదు. బరకం కప్పిన బోను పక్కన కుంపటి పెడితే తెల్లారేసరికి రెండు ప్రాణాలూ పోవచ్చు. మీ వైపు జీడిపిక్కల తొక్కు పొయ్యిలో వేస్తుంటారు కదా, ఆ ఘాటు పొగ బోను వైపు రాకుండా కూడా చూడండి. దోమల కాయిల్, సాంబ్రాణి పొగ కూడా వద్దు. కుందేలు ముక్కుతోనే ఊపిరి పీలుస్తుంది, మనలా తేలిగ్గా నోటితో పీల్చుకోవడం దానికి చేతకాదు. ముక్కు, ఊపిరితిత్తులు పాడైతే దానికి వేరే దారి లేదు. అత్తయ్యగారి ఆరాటం నాకు అర్థమవుతోంది. దూడకి చలిమంట వేసినట్టే దీనికీ వేయాలనుకుంటున్నారు. దూడ పాకలో గాలి ఆడుతుంది, బోనులో ఆడదు అని నెమ్మదిగా చెప్పండి.

ఇక చెవుల సంగతి. పెంపుడు కుందేలు ఒంటి వేడి మామూలుగా 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, మన ఒంటికంటే ఎక్కువ. ఆ వేడిని కాపాడుకోవడానికి చలి వేసినప్పుడు చెవుల్లోని రక్తనాళాలు సన్నబడతాయి. రక్తం చెవులకు తక్కువగా వెళ్లి లోపలి అవయవాల దగ్గర నిలుస్తుంది. ఎండాకాలంలో ఇది పూర్తిగా తిరగబడుతుంది, చెవులు ఎర్రగా వేడెక్కి ఒంటి వేడిని బయటికి వదులుతాయి. కాబట్టి తెల్లవారుజామున చెవులు చల్లగా ఉండడం జబ్బు కాదు. కుందేలు చురుగ్గా ఉండి, మిమ్మల్ని చూసి జాలీ దగ్గరికి వచ్చి, రాత్రి వేసిన గడ్డి తిని, గుండ్రటి పెంటికలు వేసి ఉంటే అది బాగున్నట్టే. పాపకి ఈ మాట చెప్పండి, ఏడుపు ఆపుతుంది. చెవులు చల్లగా ఉండి దానితోపాటు కుందేలు ముడుచుకుని కదలకపోతేనో, తిండి మానేస్తేనో అది వేరే సంగతి. దాని గురించి కింద రాస్తాను.

మన వైపు చలి ఎంతని? కళింగపట్నం తీరంలో జనవరి రాత్రులు మామూలుగా 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటాయి. మహేంద్రగిరి కింద ఉన్న మీ పల్లెల్లో, ఇటు విజయనగరం జిల్లాలో ఎస్.కోట దాటి అనంతగిరి కొండల అంచున ఇంకా తగ్గుతుంది. అయినా పూర్తిగా పెరిగిన, ఆరోగ్యంగా ఉన్న కుందేలుకి ఆ చలి ఒక్కటే ప్రాణాంతకం కాదు. మన పెంపుడు కుందేళ్ల మూలం ఐరోపాలో నేలలో బొరియలు తవ్వుకుని బతికే అడవి కుందేలు. చలి తట్టుకునే బొచ్చు దానికి పుట్టుకతోనే ఉంది. దానికి అసలు పడనిది మన మే నెల. 28, 30 డిగ్రీలు దాటితేనే కుందేలు ఆయాసపడుతుంది.

మరి చలికాలంలో మన పెరళ్లలో కుందేళ్లు ఎందుకు పోతున్నాయి? నేను చూసినంతలో తడి వల్ల, నేరుగా కొట్టే గాలి వల్ల, భయపడి బరకాలతో గాలాడకుండా మూసేయడం వల్ల. ఒట్టి చలికి పోయిన పెద్ద కుందేలును మన ప్రాంతంలో నేను చూడలేదు. తడిసిన కుందేలు, మూతేసిన బోనులో ముక్కు పట్టేసిన కుందేలు మాత్రం చాలా ఇళ్లలో కనిపించాయి. బొచ్చు మధ్య ఉండే గాలి పొరే దాని వెచ్చదనం. బొచ్చు తడిస్తే ఆ పొర పోతుంది, 18 డిగ్రీల్లో కూడా ఒళ్లు చల్లబడిపోతుంది.

మీ బోను విషయంలో నాకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నది ఆ రేకు. డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి టార్చ్ వేసి రేకు అడుగు భాగం చూడండి. రాత్రి రేకు బాగా చల్లబడుతుంది. లోపలి కుందేళ్ల ఊపిరి, తడిసిన గడ్డి నుంచి లేచే ఆవిరి దానికి తగిలి నీటి బొట్లుగా మారుతుంది. ఆ బొట్లు వరసగా కిందికి జారి జంతువుల వీపు మీద, గడ్డి మీద పడుతుంటాయి. పొగమంచు దట్టంగా ఉన్న రోజున బయట వాన లేకపోయినా బోను లోపల తడి. మీరు పొద్దున్న ఏడింటికి వెళ్లేసరికి బొట్లు ఆరిపోతాయి, గడ్డి ఎందుకు చెమ్మగా ఉందో అర్థం కాదు. దీనికి పెద్ద ఖర్చు లేదు. రేకు మీద తాటికమ్మలు రెండు వరసలు పరిచి తాడుతో బిగించండి, రేకు అంతగా చల్లబడదు. రేకు కింద ఒక చెక్క పలకో, వెదురు తడికో వాలుగా బిగిస్తే, పడిన బొట్టు కూడా పక్కకి జారిపోతుంది. థర్మోకోల్ పెట్టొద్దు, కొరికి మింగేస్తాయి.

తరవాత గాలి. మీ బోను నాలుగు వైపులా జాలీయే అన్నారు. ఉత్తరం, పడమర వైపులు చెక్కతోనో ప్లైవుడ్‌తోనో పూర్తిగా మూయండి. తూర్పు వైపు సగం దాకా మూయండి. దక్షిణం వైపు జాలీ అలాగే ఉంచి, పైనుంచి గోనెసంచి తెరలా వేలాడదీయండి. రాత్రికి దించి, పొద్దున్న చుట్టి పైకి కట్టేయండి. రాత్రి దించినప్పుడు కూడా కప్పుకీ గోడకీ మధ్య నాలుగు వేళ్ల సందు మిగలాలి. గాలి జంతువుని తగలకూడదు, అలాగని లోపలి గాలి నిలవ ఉండకూడదు. గోనె తడిస్తే మార్చడానికి ఇంకొకటి పొడిగా ఉంచుకోండి. ప్లాస్టిక్ బరకం వాన పడే రాత్రి మాత్రమే, అదీ ఒక వైపు ఎత్తి పెట్టి వాడండి.

మూసేస్తే ఏమవుతుందో మీరే పరీక్ష చేసుకోవచ్చు. పొద్దున్నే తెర ఎత్తకముందు బోను తలుపు తీసి, తల వంచి, కుందేలు ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకి మీ ముక్కు పెట్టి ఒకసారి గాలి పీల్చండి. ముక్కు మండినా, కళ్లు చెమర్చినా అది మూత్రం నుంచి లేచిన అమ్మోనియా. మీరు ఒక్కసారి పీల్చారు, అది రాత్రంతా పీల్చింది. ముక్కు లోపలి పొర దెబ్బతింటే పాశ్చురెల్లా అనే బాక్టీరియా అందులో తేలిగ్గా కూర్చుంటుంది. ‘చలికి జలుబు చేసింది’ అని మనవాళ్లు అనే తుమ్ముల వెనక చాలాసార్లు ఉండేది ఇదే. వాటి మూత్రం చాలా ఘాటు. కాబట్టి తడిసిన మూలని రోజూ తీసి పారేయాలి, చలి కదా అని వాయిదా వేయకూడదు. కుందేలు సాధారణంగా ఒకే మూల మూత్రానికి వాడుతుంది కాబట్టి పని తేలికే. ఆ మూల ఒక ట్రేలో సామిల్లు రంపపు పొట్టు వేసి పెట్టండి. పొట్టు మరీ మెత్తటి పొడిగా ఉంటే ముక్కులోకి వెళ్తుంది, కొంచెం ముతకది అడగండి.

ఇవన్నీ చేశాక బోను లోపల ఒక చిన్న చెక్క పెట్టె పెట్టండి. మీ జంటకి రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగుంపావు ఎత్తు సరిపోతుంది. పెట్టె పెద్దదైతే వాటి ఒంటి వేడి నిలవదు, అందుకే అంతకంటే పెద్దది చేయించకండి. ద్వారం ఏడు, ఎనిమిది అంగుళాలు, మధ్యలో కాకుండా ఒక పక్కకి. అప్పుడు గాలి లోపలికి వచ్చినా అవి పడుకునే మూలకి తగలదు. పై మూత తీయడానికి వీలుగా ఉంటే శుభ్రం చేయడం సులువు. మామిడి చెక్క, పాత ప్యాకింగ్ పెట్టెల చెక్క ఏదైనా సరే, రంగు వేయొద్దు. జీడి కర్ర మాత్రం నేను వాడను. పిక్క తొక్కులోని రసం మన చేతుల్నే కాలుస్తుంది, కొరికే జంతువు దగ్గర ఆ చెట్టు కొయ్య ఎందుకు? బోను అడుగు జాలీ అయితే సగం వరకైనా చెక్క పలక వేయండి. రాత్రంతా తీగల మీద కూర్చుంటే కింద నుంచి చలి తగులుతుంది, వెనక కాళ్ల మడమలకు పుళ్లు పడతాయి.

పెట్టెలోకి వరిగడ్డి. దీనికి మించినది లేదు, మన దగ్గర కొదవా లేదు. గడ్డి గుల్లగా ఉంటుంది, లోపల గాలిని పట్టి ఉంచుతుంది, కుందేలు అందులో దూరి గుంత చేసుకుని పడుకుంటుంది. జానెడు మందాన వేయండి, నొక్కకండి. కోతల తరవాత వాన పడి ఉంటే కుప్ప పైపొరలు తడిసి బూజు పట్టి ఉంటాయి. నల్లటి మచ్చలున్నా, దులిపితే బూడిదలా దుమ్ము లేచినా, ముక్కిన వాసన వచ్చినా వద్దు. కుప్ప లోపలి నుంచి, పసుపు రంగు పోని గడ్డి లాగండి, ఒక పూట ఎండలో ఆరబెట్టి వేయండి. ఊక దుమ్ము, అది పనికిరాదు. మీ ఉద్దానంలో కొబ్బరి పీచు దండిగా దొరుకుతుంది గాని అది కూడా వద్దు, పొడుగు పోగులు మింగితే పేగుల్లో చుట్టుకుంటాయి. పాత దుప్పట్లు, స్వెటర్లు వేసే ప్రేమ చాలామందిది. బట్ట మూత్రాన్ని పీల్చి తడిగానే ఉండిపోతుంది, దారాలు కడుపులోకి వెళ్తాయి. గడ్డి చాలు.

తిండి విషయానికి వస్తే, చలిలో ఒంటి వేడి నిలబెట్టుకోవడానికి దానికి మామూలు కంటే ఎక్కువ తిండి కావాలి. ఆ ఎక్కువ పీచు రూపంలోనే వెళ్లాలి. పీచు పేగుల్లో పులిసేటప్పుడు పుట్టే వేడే దానికి రాత్రి ఆసరా. ఎండబెట్టిన గరిక, ఎండిన నేపియర్ గడ్డి, ఎండిన వేరుశనగ తీగ, పప్పుజాతి మేత అయిన దశరథ గడ్డి దొరికితే ఇంకా మంచిది. వేరుశనగ తీగ, దశరథ గడ్డి బలమైనవి, వాటిని గరికతో కలిపి వేయండి. పడకగా వేసిన వరిగడ్డిని కూడా కొంత కొరుకుతాయి, పరవాలేదు గాని బలం ఇచ్చే మేత అది కాదు. రాత్రి తినే జీవి కాబట్టి పెద్ద మేత సాయంత్రం వేయండి, తెల్లారేదాకా మిగిలేంత. పచ్చిగడ్డి కోస్తే పొద్దు బాగా ఎక్కి మంచు ఆరాక కోయండి. కోసి కుప్పగా వేస్తే లోపల వేడెక్కి పులుస్తుంది, అలాంటిది పెడితే కడుపు ఉబ్బుతుంది. చలికాలంలో సంతలో కాలీఫ్లవర్ ఆకు, క్యాబేజీ పై ఆకులు ఊరికే ఇస్తారు, అదే రోజూ వేస్తుంటారు. ఒకటి రెండు ఆకులకు మించొద్దు, గ్యాస్. కొత్తిమీర, పుదీనా, మునగాకు రోజుకో గుప్పెడు చాలు. చలికి బలం రావాలని అన్నం, ఇడ్లీ, అరిటిపండు, బెల్లం పెట్టేవాళ్లున్నారు. పిండి, తీపి ఎక్కువైతే పేగుల్లో మంచి సూక్ష్మజీవులు దెబ్బతిని విరేచనాలు పట్టుకుంటాయి. పండక్కి వచ్చిన పిల్లలు అరిసె ముక్కలు, చెరుకు ముక్కలు జాలీలోంచి తోయకుండా పాపను కాపలా పెట్టండి.

నీళ్ల గురించి చాలామంది ఆలోచించరు. చలికాలంలో నీళ్లు చల్లగా ఉంటే కుందేలు తాగడం తగ్గిస్తుంది. తాగడం తగ్గితే కడుపులోని గడ్డి ఎండి గట్టిపడుతుంది, పేగుల కదలిక మందగిస్తుంది. నా దృష్టిలో మన వైపు చలికాలపు అసలు జబ్బు ఇదే. రెండు కిలోల కుందేలు రోజుకి 100 నుంచి 300 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది, పచ్చిమేత ఎక్కువైతే కొంచెం తక్కువ. పొద్దున, సాయంత్రం గోరువెచ్చటి నీళ్లు మార్చి పెట్టండి. మట్టి మూకుడులో నీళ్లు ఇంకా చల్లబడతాయి కాబట్టి ఈ రెండు నెలలు బరువైన పింగాణీ గిన్నె వాడండి, తన్నినా ఒలకదు. ఒలికిందంటే మళ్లీ గడ్డి తడే.

రోజూ పొద్దున్న మేత వేసేటప్పుడు పెంటికలు చూడడం అలవాటు చేసుకోండి. శనగగింజంత గుండ్రంగా, పొడిగా, చిదిమితే గడ్డి పొడిలా రాలితే కడుపు బాగుంది. చిన్నవైపోయినా, తగ్గినా, బొచ్చు పోగుతో దండలా ఒకదానికొకటి వేలాడుతున్నా జాగ్రత్తపడాలి. తరవాత ముందు కాళ్లు పట్టుకుని లోపలి వైపు చూడండి. కుందేలు ముక్కు కారితే ముందు పాదాలతోనే తుడుచుకుంటుంది, అక్కడి బొచ్చు అట్టకట్టి జిగటగా ఉంటుంది. ముక్కు దగ్గర ఏమీ కనిపించకపోయినా పాదాలు నిజం చెప్పేస్తాయి.

12 గంటలు ఏమీ తినకపోతే, పెంటికలు ఆగిపోతే, అది రేపటిదాకా ఆగే పని కాదు. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే ఇంకా తొందర. మీ మండల పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం గురించి అడగండి. విజయనగరం వైపు ఉన్నవాళ్లకు గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. వెళ్లినప్పుడు ‘ఇది కుందేలు, నోటి ద్వారా అమాక్సిసిలిన్ లాంటివి పడవు కదా’ అని మీరే ఒక మాట గుర్తుచేయండి, మర్యాదగానే. పెన్సిలిన్ జాతి మందులు నోటితో వేస్తే కుందేలు పేగుల్లో విషాలు పుట్టి చనిపోతుంది. కుక్కలకు కొట్టే పేలమందుల్లో ఫిప్రోనిల్ ఉన్నది కూడా దీనికి విషమే. ఇంట్లో పిల్లల జలుబు సిరప్, విక్స్, కర్పూరం ఏవీ దగ్గరికి తీసుకురావొద్దు.

కుందేలు తడిసి ముద్దయి, చెవులతోపాటు పొట్ట కింద కూడా చల్లగా ఉండి, లేపితే వేలాడిపోతుంటే ఒంటి వేడి పడిపోయినట్టు. ఇంట్లోకి తెచ్చి పొడి తువ్వాలుతో అద్దండి, రుద్దకండి. సీసాలో వేడినీళ్లు పోసి, చేత్తో పట్టుకోగలిగినంత వేడిలో, గుడ్డ చుట్టి పొట్ట పక్కన పెట్టండి. ఇంకో పక్క చోటు వదలండి, వేడి ఎక్కువైతే తను జరగాలి. నెమ్మదిగా వెచ్చబడాలి. వేడినీళ్లలో ముంచడం, మంట దగ్గర పట్టుకోవడం రెండూ చంపేస్తాయి. కాస్త తేరుకున్నాక గోరువెచ్చటి నీళ్లు, కొత్తిమీర దగ్గర పెట్టండి, నోట్లో పోయకండి. ఈలోపు డాక్టరు కోసం ఎవరో ఒకరు బయల్దేరాలి. అన్నట్టు, భోగికి ఇంటిల్లిపాదీ తలంట్లు పోసుకుంటున్నారని కుందేలుకి కూడా స్నానం చేయించే ఇళ్లున్నాయి. ఏ కాలంలోనూ వద్దు. ఆ దట్టమైన బొచ్చు ఆరడానికి గంటలు పడుతుంది, భయానికే గుండె ఆగిన కుందేళ్లున్నాయి. మురికి అంటితే ఆ ఒక్క చోట తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి.

ఇప్పుడు మీరు అడగనిది, కాని అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది. ‘జంట’ అన్నారు. ఆడా మగా అయితే, వాటికి నాలుగైదు నెలలు నిండి ఉంటే, ఈ చలికాలంలోనే మీ బోనులో పిల్లలు పుట్టొచ్చు. చలి వల్ల మన వైపు నిజంగా చచ్చిపోయేవి ఆ పిల్లలే. జత కట్టినప్పటి నుంచి 30, 32 రోజులకి ఈనుతుంది. పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి, తమ వేడి తాము నిలుపుకోలేవు. జాలీ నేల మీద ఈనితే ఆ రాత్రే పోతాయి. తల్లి గడ్డి నోట కరుచుకుని తిరగడం, ఛాతీ మీది బొచ్చు పీకడం మొదలుపెడితే రోజులు దగ్గరపడ్డాయి. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న వేరే చెక్క పెట్టె, ముందు వైపు అంచు ఆరు అంగుళాలు, అడుగున రంపపు పొట్టు, పైన మెత్తటి గడ్డి. ఇది ఈనడానికి మూడు నాలుగు రోజుల ముందే లోపల ఉండాలి. తల్లి దానిలో బొచ్చు పరుచుకుంటుంది. మగదాన్ని ముందే వేరు చేయండి, లేకపోతే ఈనిన రోజే మళ్లీ కడుతుంది.

ఈనాక తల్లి పిల్లల మీద పడుకోకపోతే కంగారుపడకండి. కుందేలు తల్లి రోజుకి ఒకసారో రెండుసార్లో, కొన్ని నిమిషాలు మాత్రమే పాలిచ్చి వెళ్లిపోతుంది. వాటి తీరే అది. మీరు చూడాల్సింది పిల్లల పొట్టలు. పాలు తాగిన పిల్ల పొట్ట గుండ్రంగా బిగువుగా ఉంటుంది, ఆకలితో ఉన్నదాని చర్మం ముడతలు పడుతుంది. ఒక్కోసారి రొమ్ము పట్టుకుని వేలాడిన పిల్ల తల్లితోపాటు పెట్టె బయటికి వచ్చి పడిపోతుంది. పొద్దున్న చూసేసరికి నీలంగా, బిగుసుకుపోయి, చచ్చినట్టే ఉంటుంది. దాన్ని పారేయకండి. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, లేదా గుడ్డ చుట్టిన వెచ్చటి సీసా పక్కన పెట్టి నిదానంగా వెచ్చబెట్టండి. కాసేపటికి నోరు కదుపుతుంది, కాలు విదుల్చుతుంది. పూర్తిగా వెచ్చబడ్డాకే మిగతా పిల్లల మధ్యలో, బొచ్చు కింద పెట్టండి. మనిషి చేయి తగిలితే తల్లి వదిలేస్తుందన్న భయం మీకు అలవాటైన పెంపుడు తల్లి విషయంలో అక్కర్లేదు. ముందు మీ చేతులు తల్లి పడుకున్న గడ్డికి రాసుకోండి, చాలు. మూడు నెలల లోపు పిల్లలు, ముసలివి, బక్కచిక్కినవి ఉంటే రాత్రిళ్లు వరండాలోకో ఇంట్లోకో తెచ్చుకోవడమే మంచిది. రోజూ రాత్రి లోపల, పగలు బయట అయినా ఇబ్బంది లేదు. కాకపోతే వంటింటి వేడి దగ్గర నుంచి ఒక్కసారిగా మంచులోకి తీసుకెళ్లకండి.

చలికాలపు రాత్రి వేటకొచ్చే జంతువుల గురించి రెండు మాటలు. కొండ పక్క కాబట్టి అడవిపిల్లి, పునుగుపిల్లి, ముంగిస ఉంటాయి, ఊళ్లో కుక్కలు సరేసరి. కోళ్లకు కట్టే పల్చటి జాలీని కుక్క పళ్లతో చీల్చేస్తుంది. అర అంగుళం వెల్డెడ్ మెష్ వేయండి, తలుపుకి తిరిగే చెక్క కాకుండా ఇనప గడియ పెట్టండి. బోను నేలకి రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటే నేల చెమ్మ కూడా తగలదు. తాకకపోయినా, జాలీ చుట్టూ కుక్క మొరుగుతూ తిరిగితే ఆ బెదురుకే కుందేలు పోతుంది. లోపల దాక్కునే పెట్టె ఉండాలని నేను పట్టుబట్టేది అందుకూ.

భోగి తెల్లవారుజామున మంటలు, టైర్ల పొగ, టపాసులు ఉంటాయి. ముందు రాత్రే బోనుని, అది కుదరకపోతే చెక్క పెట్టెతో సహా కుందేళ్లని వెనక గదిలోకి మార్చండి. నిప్పురవ్వ ఎగిరి గడ్డి మీద పడే ప్రమాదం కూడా తప్పుతుంది. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడూ ఇదే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మీ ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని ఎలా పడగొట్టిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పనసచెట్టు కింద బోను వాన, ఎండ రోజుల్లో బాగానే ఉంటుంది గాని గాలి రాత్రికి అక్కడ ఉంచొద్దు. తుఫాను గాలి దిక్కు మారుతుంది, మీరు మూసిన ఉత్తరం వైపు ఒక్కటీ కాపాడదు. డిసెంబర్ వాయుగుండం పట్టి రెండు మూడు రోజులు ముసురు ఉంటే పగలు కూడా ఎండ రాదు, గడ్డి ఆరదు. అప్పటి కోసం ఒక బస్తా పొడి వరిగడ్డి, ఒక బస్తా ఎండు మేత అటక మీద పెట్టుకోండి.

ఇక హిమాచల్. తీసుకెళ్లొచ్చు, కాని ఎప్పుడు వెళ్తున్నారన్నది ముఖ్యం. కుందేలుకి చలి బొచ్చు కాలంతోపాటు క్రమంగా వస్తుంది. సెప్టెంబర్, అక్టోబర్‌లో అక్కడికి చేరితే చలి పెరిగే కొద్దీ బొచ్చూ పెరుగుతుంది, అలా అలవాటైన పెద్ద కుందేలు సున్నా దగ్గర చలిని కూడా పొడి పెట్టెలో తట్టుకుంటుంది. మే, జూన్ ప్రయాణం మాత్రం వద్దు, దారిలో ఎండకే పోతాయి. ఉద్దానంలో పెరిగిన కుందేలుని జనవరిలో నేరుగా తీసుకెళ్లి మంచులో బయట పెట్టడం అన్యాయం. అలాంటప్పుడు ఆ మొదటి చలికాలం గదిలోనే ఉంచండి. గదిలో హీటరో, బుఖారీయో (అక్కడ గది వేడికి వాడే పొయ్యి) ఉంటే దానికి దూరంగా, గాలి వచ్చే చోట పెట్టండి. ఒకే ఉష్ణోగ్రత నిలకడగా ఉండడం ముఖ్యం, రాత్రి వేడి గది, పగలు మంచు అంటూ మార్చకండి.

అక్కడ బయట ఉంచితే మన దగ్గర లేని ఇబ్బందులు కొన్ని వస్తాయి. సీసాకి ఉండే లోహపు గొట్టం చివర నీళ్లు ముందే గడ్డకడతాయి. సీసా నిండా నీళ్లు కనిపిస్తుంటాయి, కుందేలుకి మాత్రం చుక్క రాదు. అందుకని గిన్నె పెట్టి పూటకి రెండుసార్లు చూడాలి. చెవుల కొసలు గడ్డకట్టే చలికి దెబ్బతింటాయి, మొదట పాలిపోయి తరవాత నల్లబడతాయి, రోజూ చూడండి. పెట్టెలో గడ్డి జానెడు కాకుండా మూర లోతు ఉండాలి, తడిసినది ఏ పూటకి ఆ పూట తీసేయాలి. మంచు పడి గాలి సందులు మూసుకుపోతే వెంటనే దులపాలి. ఉష్ణోగ్రత రాత్రిళ్లు వరసగా మైనస్ నాలుగైదుకి దిగుతుంటే నేనైతే లోపలికే తెస్తాను.

అదంతా వచ్చే ఏడాది మాట. ఈ వారం రేకు మీద తాటికమ్మలు, ఉత్తరం వైపు చెక్క, లోపల పెట్టె అయ్యేలా చూడండి. తోక కింద నెమ్మదిగా నొక్కి ఏది ఆడ, ఏది మగ అన్నది పశువుల డాక్టరు చేత చూపించి రాయండి. ఆడది కట్టి ఉంటే ఈనే పెట్టె కొలతలు, ఏ రోజుకి ఏం చేయాలో మీ తేదీల ప్రకారం లెక్కవేసి చెబుతాను.